ధూళిని జయించిన స్పాంగ్లర్

మన పల్నాట పిడుగురాళ్ల సున్నపు బట్టీల ధూళి నెరిగినవారికి జేమ్స్ మర్రే స్పాంగ్లర్ బాధను వేరుగా వివరించనక్కరలేదు. 1848లో జన్మించిన ఈ అమెరికన్ ఓహయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణాన ఒక దుకాణంలో ఊడ్చే కొలువు చేసేవాడు. ఉబ్బస రోగి. తివాచీల నుండి లేచిన దుమ్ము ఊపిరి నడ్డగించేది. కొలువు మానితే పూట గడవదు. అందుచేత పంఖా మోటారు, పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కూర్చి ఒక యంత్రం నిర్మించాడు. తిరిగే కుంచె దుమ్మును లేపగా, పంఖా పీల్చగా, గలీబు పట్టి ఉంచేది. 1908 జూన్ 2న పేటెంటు లభించింది. ధనం చాలక హక్కులను తోలుసామాను వ్యాపారి విలియం హూవర్‌కు విక్రయించాడు. ఆ ఏడాదే వెలువడిన హూవర్ యంత్రానికి మార్చి తగిలించుకొనే విడి పరికరాలు కూడా సమకూరాయి. స్పాంగ్లర్‌కు రాయల్టీ అందినా, పేరు హూవర్‌దే నిలిచింది. బ్రిటన్‌లో ఆ పనికే హూవర్ అన్న మాట స్థిరపడింది. ఇది మాకు న్యాయంగా తోచదు. 1915లో స్పాంగ్లర్ కన్నుమూశాడు.