వరాహగిరి వేంకటగిరి

రైల్వే కార్మికుల నాయకుడుగా పేరుగన్న గిరి 1894లో బరంపురమున జన్మించెను. 1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణింపగా, ఉపరాష్ట్రపతియైన గిరి ఆ భారము వహించెను. అమెరికాలో అధ్యక్షపదవికి అభ్యర్థిని పక్షమువారు రాష్ట్రమువారీగా ఓట్లతోను, స్థానిక సభలతోను నిర్ణయింతురు. సింగరేణి గనుల కార్మికులును తమ గుర్తింపు సంఘమును రహస్యపు ఓటుతో తామే ఎన్నుకొందురు. కాని నాడు కాంగ్రెసులో ఆ నిర్ణయము బెంగుళూరున కూడిన పార్లమెంటరీ బోర్డులోని కొలదిమందిది. ఇందిరాగాంధి అభీష్టమునకు విరుద్ధముగా వారు నీలం సంజీవరెడ్డిని ఎంచిరి. అతడును తెలుగువాడే. గిరి పదవిని వదలి స్వతంత్రుడుగా నిలిచెను. పక్షాజ్ఞను కాక అంతరాత్మను అనుసరింపుడని ఇందిర సభ్యులను కోరెను. మొదటి లెక్కింపున ఎవరికిని చాలినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపిన పిదప గిరి 4,20,077 ఓట్లతో గెలిచెను. సంజీవరెడ్డికి 4,05,427 వచ్చెను. ఆ యేడే కాంగ్రెసు రెండుగా చీలెను. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకయే రాష్ట్రపతి యయ్యెను.