నలభై వాట్లతో చెన్నపట్నాన్ని పలికించిన కృష్ణస్వామి చెట్టి గారు



పోయిన వానాకాలం తరవాత మన బడి మైకు గొంతు బొంగురుపోయిన సంగతి మీ అందరికీ తెలుసు. ప్రార్థన వేళ వెనక వరసలో నిలబడ్డ పిల్లలకి ఒక్క ముక్క వినపడేది కాదు. చూసినవాళ్లంతా ఇంకా పెద్ద ఆంప్లిఫయరు కొనమని సలహా ఇచ్చారు. కొనడానికి డబ్బు లేదు కాబట్టి స్క్రూడ్రైవరు పట్టుకుని నేనే మిద్దె ఎక్కాను. తీరా చూస్తే తప్పు ఆంప్లిఫయరుది కాదు. స్పీకరు దగ్గర తీగ అతుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, మళ్లీ అతికి, టేపు చుట్టి దిగొచ్చాను. మర్నాడు ప్రార్థన వీధి చివరిదాకా వినపడిందట. ఆ మిద్దె మీద నాకు గుర్తొచ్చిన మనిషి గురించే ఈ నెల మీకు చెబుతాను.

ఆయన సి.వి. కృష్ణస్వామి చెట్టి గారు. చెన్నపట్నం కార్పొరేషన్‌లో విద్యుత్ ఇంజనీరు. మార్కోనీ, జగదీశ్ చంద్ర బోస్ పేర్లు మీ సైన్సు పుస్తకంలో ఉన్నాయి. ఈయన పేరు లేదు. కానీ మన దేశంలో రేడియో చరిత్ర ఎవరు రాసినా, మద్రాసు దగ్గరికి వచ్చేసరికి ఈయనతోనే మొదలుపెట్టాలి.

ఆ రోజులు ఒకసారి ఊహించుకోండి. లండన్‌లో బి.బి.సి. రోజువారీ ప్రసారాలు మొదలైంది 1922 నవంబరు 14న. మరుసటి ఏడాది నవంబరులో కలకత్తాలో ఒక రేడియో క్లబ్బు పుట్టింది. మన ఊళ్లో మాత్రం వైర్‌లెస్ అంటే ఓడలకు పంపే టకటక సంకేతాలే. మనిషి మాట, పాట గాలిలో వస్తాయంటే నమ్మేవాళ్లు తక్కువ. చెట్టి గారు నమ్మి ఊరుకోలేదు. ఇంగ్లండు నించి విడిభాగాలు తెప్పించి, ఇక్కడే కూర్చి, ఒక చిన్న ట్రాన్స్‌మిటరు తయారుచేశారు. 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. అప్పటి గవర్నరు గోషెన్ ప్రభువు అండ దానికి దొరికింది. అదే ఏడాది జూలై 31న ఎగ్మూరు వైపు నించి ప్రసారాలు మొదలయ్యాయి. సాయంత్రాలు సంగీతం, ప్రసంగాలు. క్లబ్బు మొదలైన రెండున్నర నెలలకే! ఇప్పుడు మనం ఒక బెంచీ బాగుచేయించడానికే అంతకాలం పడుతుంది, మీరు నవ్వినా సరే.

ఆ మొదటి ట్రాన్స్‌మిటరు బలం 40 వాట్లు. మీ తరగతి గదిలో తిరిగే పాత సీలింగు ఫ్యాను 70, 75 వాట్లు తీసుకుంటుంది. అంటే ఫ్యాను తినేదాంట్లో ఇంచుమించు సగంతో ఈయన ఊరికి పాట వినిపించారు. ఎలా సాధ్యమయింది?

ఇక్కడ కాస్త సైన్సు చెప్పక తప్పదు. మాస్టారి బుద్ధి, ఏం చేస్తాం.

రేడియోలో సగం పని ఏరియల్‌ది, అంటే యాంటెనాది. ట్రాన్స్‌మిటరు ఎంత శక్తి పుట్టించినా దాన్ని గాలిలోకి పంపేది ఆ తీగే. మీడియం వేవ్‌కి ఎత్తయిన స్తంభాల మధ్య పొడుగాటి తీగ కట్టాలి, రెండు కొసలా పింగాణీ బిళ్లలు పెట్టాలి, కింద భూమిలో రాగి పాతి తడిగా ఉంచాలి. ఈ ఎర్తు సరిగా లేకపోతే సగం శక్తి మట్టిని వేడి చెయ్యడానికే పోతుంది. వినేవాళ్ల వైపూ అంతే. ఆ కాలంలో చాలామంది దగ్గర ఉన్నవి క్రిస్టల్ సెట్లు. వాటిలో ఆంప్లిఫయరు ఉండదు, బ్యాటరీ ఉండదు. ఒక గెలీనా రాయి, దాన్ని తాకే సన్నని తీగ, చెవులకు హెడ్‌ఫోను, అంతే. గాలిలో నించి తీగ పట్టుకొచ్చిన శక్తితోనే అది మాట్లాడాలి. కాబట్టి మిద్దె మీద ఎత్తుగా తీగ కట్టుకున్నవాడికి పాట, కట్టుకోనివాడికి నిశ్శబ్దం. డబ్బున్నవాళ్లు వాల్వు సెట్లు కొన్నారు. వాల్వు ఆ చిన్న సంకేతాన్ని పెద్దది చేస్తుంది. కాకపోతే తీగ తెచ్చిన గరగరని కూడా అంతే పెద్దది చేస్తుంది. ఇది ఈనాటికీ మారలేదు.

తరవాత క్లబ్బు 200 వాట్ల ట్రాన్స్‌మిటరుకు ఎదిగింది. ఐదు రెట్లు పెంచారు కదా, ఐదు రెట్లు గట్టిగా వినపడిందా అని మీరు అడగాలి. లేదు. దూరాన తీగలో పుట్టే వోల్టేజి, పంపే శక్తి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఐదు వర్గమూలం 2.24. తొమ్మిదో తరగతి వాళ్లు లెక్క చేసి చూసుకోండి. ఐదింతల ఖర్చుకి రెండింతల చిల్లర ఫలితం! అలాగని అది వృథా అనకండి, అంచులో ఉన్నవాళ్లకి ఆ రెండింతలే ప్రాణం. కానీ ముందు తీగ, ఎర్తు, అతుకులు చూసుకుని ఆ తరవాతే శక్తి పెంచాలి. ఈనాటి హామ్ రేడియో వాళ్లు కూడా కొత్తగా వచ్చినవాళ్లకి ఇదే చెబుతారు.

మన ఊళ్లో ఈ పని ఇంకా కష్టం. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది రాగిని చిలుము పట్టిస్తుంది, పింగాణీ మీద పొరలా పేరుకుంటుంది. మంచు పడ్డ రాత్రి ఆ పొర తడిసి కరెంటుకు దారి ఇచ్చేస్తుంది. ఐప్పసి, కార్తీక మాసాల్లో ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే స్తంభాలు, తాళ్లు అన్నీ పరీక్షకి నిలబడాలి. వానకి ముందు ఒకసారి, తరవాత ఒకసారి ఎక్కి తుడవాలి, అతుకులు చూడాలి, తాళ్లు బిగించాలి. ఉరుము వినపడితే సెట్టు నించి తీగ విడదీసి ఎర్తుకి కలపాలి. వాల్వులు కాలిపోతే కొత్తవి ఓడలో రావాలి. ప్రారంభోత్సవం నాడు అందరూ చప్పట్లు కొడతారు. ఇవన్నీ చేసే నాడు చప్పట్లు ఉండవు, బిల్లులు ఉంటాయి.

ఆ బిల్లులే క్లబ్బుని ముంచాయి. చందాలు ఇచ్చేవాళ్లు కొద్దిమంది. మూడేళ్లు లాగి, 1927 అక్టోబరులో డబ్బు లేక ప్రసారాలు ఆపేశారు. అదే ఏడాది జూలైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఒక్కొక్కటి 1500 వాట్ల స్టేషన్లు పెట్టింది. మూడేళ్ల ముందే మొదలుపెట్టిన మద్రాసుకి ఏమీ దక్కలేదు. నాకు ఇప్పటికీ ఈ మాట రాస్తుంటే కొంచెం ఉడుకుమోత్తనం వస్తుంది.

అయితే క్లబ్బు వాళ్లు ఆ యంత్రాన్ని తుక్కు కింద అమ్ముకోలేదు. కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. 1930 ఏప్రిల్ 1న కార్పొరేషన్ రేడియో మొదలైంది. విచిత్రం చూడండి, 1500 వాట్ల కంపెనీ సరిగ్గా దానికి నెల ముందు, మార్చి 1న దివాలా తీసింది. మెరీనా ఒడ్డున, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టారు. సెట్టు కొనే స్తోమతు లేనివాళ్లు, ఏడాదికి పది రూపాయల లైసెన్సు కట్టలేనివాళ్లు ఇసకలో కూర్చుని సాయంత్రం కచేరీ విన్నారు. 14 కార్పొరేషన్ బడుల్లో రేడియో సెట్లు పెట్టారు. పనిదినాల్లో సాయంత్రం 4 నించి 4.30 దాకా పిల్లల కోసం సంగీత పాఠాలు, కథలు. కొద్దిమంది సరదాగా మొదలుపెట్టిన ఒక క్లబ్బు, ఆరేళ్లు తిరిగేసరికి కార్పొరేషన్ బడి పిల్లల చెవుల దాకా వచ్చిందన్నమాట.

1938 జూన్ 16న ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యాక కార్పొరేషన్ రేడియో పని ముగిసింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా ఆంధ్ర జిల్లాల వాళ్లు వినే తెలుగు రేడియో ఈ ఊరి నించే వెళ్లేది. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమాలు మొదలుపెట్టింది మద్రాసు కేంద్రంలోనే. మన తాతలు చెప్పుకునే ఆ ఆటపాటల కింద, లోతుకి తవ్వితే, చెట్టి గారి తీగ ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు మీ సంగతి. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకోవచ్చు. మొదటి మెట్టు రెస్ట్రిక్టెడ్ గ్రేడు, అందులో 50 వాట్ల దాకా అనుమతి ఉంది. చెట్టి గారు మొదట వాడినదానికంటే పది ఎక్కువే! 40 మీటర్ల బ్యాండుకి కావలసిన డైపోలు యాంటెనా, మొత్తం ఇంచుమించు 20 మీటర్ల రాగి తీగ, మధ్యలో కోసి కేబులు కలిపితే అయిపోతుంది. మన బడి మిద్దెకు ఇటు చివర నించి అటు చివరకి సరిపోతుంది, నేను కొలిచాను. యాంటెనా కలపకుండా మాత్రం ఎప్పుడూ ట్రాన్స్‌మిటరు నొక్కకూడదు. బయటికి పోలేని శక్తి వెనక్కి తిరిగొచ్చి ఆంప్లిఫయరు ట్రాన్సిస్టర్లని కాల్చేస్తుంది. కేబులు కొసలో నీళ్లు దిగినా ఇంచుమించు అదే గతి.

ప్రతి జూన్‌లో నన్ను అడిగే మాట మీకు తెలుసు. ఈసారి తెలుగు మీడియంలో ఎంతమంది చేరారు అని. 2006 చట్టం తరవాత ఆ అంకె చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అడిగినవాళ్లకి అంకె చెప్పి ఊరుకుంటాను. క్లబ్బు మూతపడిన అక్టోబరుకీ, కార్పొరేషన్ మొదలుపెట్టిన ఏప్రిల్‌కీ మధ్య ముప్పై నెలలు ఆ ట్రాన్స్‌మిటరు మూగగా పడి ఉంది. ఆ ముప్పై నెలలు దాన్ని పారెయ్యకుండా అట్టిపెట్టినవాళ్ల గురించి నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

వచ్చే శుక్రవారం సాయంత్రం 4 గంటలకి, కావాలనే ఆ వేళ పెట్టాను, సైన్సు గదిలో క్రిస్టల్ సెట్టు కట్టి చూపిస్తాను. 720 కిలోహెర్ట్జ్ మీద చెన్నై కేంద్రం పడుతుందేమో చూద్దాం. ఏడో తరగతి మొదలు ఎవరైనా రావచ్చు. ఇంట్లో పాత వైండింగు తీగ ఉంటే పది మీటర్లు తీసుకురండి. మిద్దె మీదికి మాత్రం నాతోపాటే ఎక్కాలి, ఒంటరిగా ఎవరూ ఎక్కకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు