గీత్‌మాలా మొదటి మెట్టు మీద హైదరాబాద్ శంకర్

బుధవారం రాత్రి ఎనిమిది కాగానే రేడియో సిలోన్ పెట్టుకుని కూర్చున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. అమీన్ సయానీ గొంతులో బినాకా గీత్‌మాలా వచ్చేది. ఆకాశవాణి సినిమా పాటను పక్కన పెట్టిన 1952లోనే ఇది మొదలై, దేశం మొత్తాన్ని కొలంబో వైపు తిప్పింది. ఏడాది చివర ఆ ఏటి మొదటి పాట ఏదో చెప్పేవారు. 1953 నుంచి 1971 దాకా పంతొమ్మిదేళ్లు లెక్క చూస్తే, ఆరుసార్లు ఆ స్థానం శంకర్-జైకిషన్‌లదే. ఆ ఇద్దరిలో శంకర్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడు.

పూర్తి పేరు శంకర్ సింగ్ రఘువంశీ. 1922లో పుట్టారు. ఇంటి భాష తెలుగు కాదు. అయినా తెలుగు మాట్లాడేవారు, ఊరు నేర్పిన భాష. కుస్తీ, తబలా రెండూ చిన్నప్పుడే పట్టుబడ్డాయి. ఒక నాట్య బృందంతో తిరిగి, బొంబాయి చేరి, పృథ్వీ థియేటర్స్‌లో తబలా వాయించారు. హార్మోనియం వాయించే గుజరాతీ కుర్రాడు జైకిషన్‌ను అక్కడికి తీసుకొచ్చిందీ ఆయనే. రాజ్ కపూర్ 1949లో బర్సాత్ సంగీతం వీళ్ల చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు వీళ్ల పాట వినపడని వీధి లేదు.

1955లో శ్రీ 420 వచ్చింది. ఆ ఏటి గీత్‌మాలా మొదటి పాట ఆ సినిమాదే, జపాన్ జోళ్ల పాట. మనకు ఇంకా దగ్గరిది అదే సినిమాలోని రామయ్యా వస్తావయ్యా. ఖండాలా దారిలో ఆగినచోట శంకర్ తెలుగులో కూనిరాగం తీస్తుంటే, కవి శైలేంద్ర దానికి హిందీ అల్లాడని చెప్పుకుంటారు. ఎలా పుట్టినా, రఫీ, లతా, ముకేశ్ ముగ్గురూ తెలుగు మాటలే పాడారు. అర్థం తెలియని కోట్లమంది వాళ్ల వెంట పాడుకున్నారు. తెలుగు సీమకు దూరంగా ఉండే మనలాంటి వాళ్లకు ఆ రెండు మాటలు రేడియోలో వినపడటం చిన్న సంగతేమీ కాదు.

తెలుగు బంధం అక్కడితో ఆగలేదు. 1961లో మొదటి స్థానం తెచ్చిన ససురాల్ మన ఇల్లరికానికి హిందీ రూపం. తీసింది ఎల్.వి. ప్రసాద్, దర్శకుడు టి. ప్రకాశరావు. 1966లో మళ్లీ మొదటి స్థానం తెచ్చిన సూరజ్ కూడా ప్రకాశరావు సినిమాయే. తక్కినవి జంగ్లీ, సంగమ్, అందాజ్. ఎన్.టి.ఆర్. జీవితచక్రానికి కూడా ఈ జంటే సంగీతం ఇచ్చింది.

ఆ ఆరు పాటల్లో మన శంకర్ వాటా ఎంత అని లెక్క తీయాలనిపిస్తుంది. తీయకూడదు. లోపల పనులు పంచుకున్నా, 1960ల మధ్యలో మనస్పర్థలు వచ్చినా, తెర మీద పేరు మాత్రం విడదీయలేదు. శారద గొంతును శంకర్ పట్టుబట్టి ముందుకు తేవడం కూడా ఆ మనస్పర్థల్లో ఒక కారణమంటారు.

1971 సెప్టెంబరులో జైకిషన్ పోయాడు. నిండా నలభై రెండేళ్లు లేవు. శంకర్‌కు అప్పటికి పద్మశ్రీ ఉంది, ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వరసగా ఉన్నాయి. ఒంటరిగా తన పేరు వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. వేసుకోలేదు. సన్యాసీ సహా తర్వాతి సినిమాలన్నిటికీ శంకర్-జైకిషన్ అనే వేయించారు. బేఈమాన్‌కు వచ్చిన ఫిల్మ్‌ఫేర్ కూడా ఆ జంట పేరు మీదే. అయితే అది పాకీజా సంగీతానికి దక్కాల్సిందని నటుడు ప్రాణ్ తన బహుమతి వద్దన్నాడు. మాకూ పాకీజాయే గొప్పదనిపిస్తుంది.

అవకాశాలు తగ్గాయి. గీత్‌మాలా మొదటి మెట్టు మళ్లీ ఎక్కలేదు. 1987 ఏప్రిల్ 26న బొంబాయిలో శంకర్ కన్నుమూశారు. జైకిషన్ లేని ఆ పదిహేనేళ్ల పాటల రికార్డుల మీద కూడా రెండు పేర్లే ఉన్నాయి.