మైదానాన్నే తరగతి గదిగా మలచిన బడిపంతులు జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్

ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పోటీలలో భారతదేశం ఇంతవరకు రెండు పర్యాయాలు మాత్రమే స్వర్ణ పతకం సాధించింది. మొదటిది 1951లో న్యూఢిల్లీలోను, రెండవది 1962లో జకార్తాలోను లభించాయి. ఈ రెండు విజయాలకూ, వాటి నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దక్కిన నాలుగవ స్థానానికీ శిక్షకుడు ఒక్కరే. ఆయనే హైదరాబాద్ నగరానికి చెందిన ఉపాధ్యాయుడు జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. క్రీడాలోకం ఆయనను రహీమ్ సాబ్ అని గౌరవంగా పిలుచుకుంది.

ఈ విజయాలు సంపన్నమైన క్రీడా వ్యవస్థ నుంచి వెలువడినవి కావు. ప్రభుత్వ పాఠశాల ఆటస్థలం, పోలీసు శాఖ ఇచ్చిన కొలువు, లాభాపేక్ష లేని క్రీడా సంఘం, పేటల్లోని చిన్న చిన్న క్లబ్బులు ఆయనకు అందుబాటులో ఉన్న వనరులు. విడివిడిగా ఉన్న ఈ వనరులను ఒక్క త్రాటిపైకి తెచ్చి, సామాన్య కుటుంబాల బాలురను అంతర్జాతీయ స్థాయికి చేర్చడమే ఆయన జీవిత విశేషం. సమాజంలో క్రీడావకాశాలు కల్పించవలసిన బాధ్యత ఎవరిదన్న చర్చ వచ్చినప్పుడు ఆయన జీవితం నేటికీ అధ్యయనం చేయదగినది.

బాల్యం, విద్యాభ్యాసం, ఉపాధ్యాయ వృత్తి

జనాబ్ రహీమ్ 1909 ఆగస్టు 17న నిజాం పాలనలోని హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. అనంతరం స్థానికంగా పేరుగాంచిన కమర్ క్లబ్ తరఫున రాణించారు. ఆటగాడిగా కన్నా ఆటను నేర్పే గురువుగానే ఆయన ప్రతిభ ఎక్కువగా వెల్లడైంది.

బి.ఏ. పట్టభద్రులైన ఆయన కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. తరువాత ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. వృత్తిలో ఉండగానే వ్యాయామ విద్యలో ఏడాది డిప్లొమా పూర్తి చేసి, పాఠశాలల క్రీడా కార్యక్రమాల బాధ్యతను స్వీకరించారు. పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటి వంటబట్టే దాకా అభ్యాసం చేయించడం మంచి ఉపాధ్యాయుని పద్ధతి. మైదానంలోనూ ఆయన ఆ పద్ధతినే అనుసరించారు.

పోలీసు జట్టు విజయ పరంపర

1940వ దశకంలో జనాబ్ రహీమ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించి, తుదిశ్వాస విడిచే వరకు ఆ పదవిలో కొనసాగారు. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇవ్వడం ప్రారంభించారు. ఈ రెండు బాధ్యతలు ఒకరి చేతిలోనే ఉండడం నగర ఫుట్‌బాల్‌కు మేలు చేసింది. సంఘం కార్యదర్శిగా పేటపేటనా ఆడే కుర్రవాళ్లను గమనించే అవకాశం ఆయనకు కలిగింది. వారిలో ప్రతిభ గలవారికి పోలీసు శాఖలో కొలువు, దానితోపాటు నెలసరి జీతం, నిత్య సాధనకు వెసులుబాటు లభించాయి. ఆటనే నమ్ముకుంటే ఇల్లు గడవదన్న భయం పేద కుటుంబాలలో ఆ మేరకు తగ్గింది.

ఫలితం త్వరలోనే దేశమంతటికీ తెలిసివచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును సిటీ పోలీసు జట్టు ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు కైవసం చేసుకుంది. డ్యూరాండ్ కప్‌ను 1954, 1957 సంవత్సరాలలో మళ్లీ గెలుచుకుంది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు సాధించింది.

తక్కువ ఖర్చుతో నూతన పోటీలు

బాలురకు శిక్షణ ఇవ్వడంలో జనాబ్ రహీమ్ ప్రవేశపెట్టిన పోటీలు ఆయన దూరదృష్టికి నిదర్శనాలు. బంతిని కాలి వద్దనే ఉంచుకుని ఒంటరిగా ముందుకు సాగడాన్ని నిషేధించి, వెంటనే సహచరునికి అందించాలనే నియమంతో కొన్ని పోటీలు నిర్వహించారు. దీనివల్ల ఆటగాళ్లకు సమష్టి ఆట, వేగం అలవడ్డాయి. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో మరికొన్ని పోటీలు జరిపారు. కుడికాలి వాటం గల కుర్రవాడు ఎడమకాలినీ సమానంగా వాడడం వీటిద్వారా నేర్చుకున్నాడు. ఎత్తుకు పరిమితి విధించి చిన్న పిల్లలకు వేరుగా పోటీలు ఏర్పాటు చేశారు. దేహబలం గల పెద్దవారి నడుమ నలిగిపోకుండా చిన్నారులు తమ నైపుణ్యాన్ని చూపగలిగారు.

వీటిలో ఏ ఒక్కదానికీ భారీ స్టేడియం గాని, విదేశీ పరికరాలు గాని అవసరం కాలేదు. ఒక బంతి, కొంత ఖాళీ స్థలం, ఆలోచించి రూపొందించిన నియమం, ప్రతి సాయంత్రం హాజరయ్యే గురువు ఉంటే సరిపోయింది.

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరామ్ ఉదంతం ఇందుకు తార్కాణం. నిరుపేద కుటుంబానికి చెందిన ఆ యువకుని ఆటను చూసిన జనాబ్ రహీమ్ నగరంలో జరిగే సాధనకు రమ్మని కోరారు. అంత దూరం వచ్చిపోయే స్తోమత తనకు లేదని బలరామ్ విన్నవించుకోగా, సైకిల్ అద్దెకయ్యే ఖర్చును ఆయనే భరించారు. బలరామ్ 1956లో ఒలింపిక్ క్రీడాకారుడయ్యారు. 1962లో ఆసియా విజేత జట్టులో సభ్యుడయ్యారు. సైకిల్ అద్దె చేతిలో లేనందువల్ల ఒక గొప్ప ఆటగాడు దేశానికి దక్కకుండా పోయే పరిస్థితి ఆనాడు ఒక ఉపాధ్యాయుని ఔదార్యంతో తప్పింది. అటువంటి గురువు తటస్థపడని బాలురు ఎందరో ఉండి ఉంటారు.

హెల్సింకీ గుణపాఠం, మెల్‌బోర్న్ గౌరవం

1950లో జాతీయ జట్టు శిక్షణ బాధ్యతలు జనాబ్ రహీమ్‌ను వరించాయి. 1951లో ఇరాన్‌ను 1-0 గోల్ తేడాతో ఓడించి భారత్ తొలి ఆసియా స్వర్ణాన్ని అందుకుంది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 గోల్స్‌తో ఘోర పరాజయం ఎదురైంది. ఆనాడు మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. బూట్లు కొనగల స్తోమత లేని బాల్యం నుంచి వచ్చిన ఆ అలవాటు శీతల దేశపు మైదానంలో ప్రతిబంధకమైంది. ఈ ఓటమి అనంతరం దేశంలో బూట్లతో ఆడడం తప్పనిసరి అయింది.

జనాబ్ రహీమ్ ఈ పరాజయాన్ని గుణపాఠంగా స్వీకరించారు. హంగేరీ జట్టు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిని పరిశీలించి, సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు జరిపి ఆడించే వ్యూహాన్ని మన ఆటగాళ్లకు అలవరచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2 గోల్స్‌తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ చరిత్రకెక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ వంటి హైదరాబాద్ క్రీడాకారులు పలువురు ఉండడం గర్వకారణం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించి అప్పటికి నెల రోజులు మాత్రమే అయింది.

జకార్తా: అంతిమ విజయం

1962 నాటికి జనాబ్ రహీమ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. అయినప్పటికీ జట్టుతోపాటు జకార్తా వెళ్లారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిన జట్టును తిరిగి ఉత్సాహపరచి ఫైనల్‌కు చేర్చారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు దూరంగా ఉంచడంపై భారత ప్రతినిధి అభ్యంతరం తెలిపినందున స్థానిక ప్రేక్షకులు మన జట్టు పట్ల ఆగ్రహంతో ఉన్నారు. తలకు గాయమైన రక్షణ శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్ స్థానంలో ఆడించాలని జనాబ్ రహీమ్ సాహసోపేత నిర్ణయం తీసుకున్నారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా భారత్ 2-1 తేడాతో అదే దక్షిణ కొరియాను ఓడించింది. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో జన్మించినవారే.

తొమ్మిది నెలల అనంతరం, 1963 జూన్ 11న జనాబ్ రహీమ్ తుదిశ్వాస విడిచారు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో, అంటే ఆయన మరణించిన 22 ఏళ్లకు ప్రారంభమైంది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ ఒలింపిక్ క్రీడాకారునిగా, అంతర్జాతీయ రిఫరీగా సేవలందించి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం స్వీకరించారు. ఆయన 2021లో మరణించారు. జనాబ్ రహీమ్ జీవితం ఆధారంగా 2024లో మైదాన్ హిందీ చలనచిత్రం విడుదలైంది.

ఆయన అనంతరం

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచిన తరువాత ఆ విజయం దశాబ్దాల పాటు పునరావృతం కాలేదు. మంచి పారితోషికం ఇచ్చే కలకత్తా క్లబ్బులకు, వాణిజ్య సంస్థల జట్లకు ప్రతిభావంతులు తరలివెళ్లడం అంతకుముందే మొదలైంది. బలరామ్ సైతం ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. ఇది ఆటగాళ్ల తప్పు కాదు, వారి బ్రతుకుదెరువు. వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని నిరంతరం తయారుచేసే బాధ్యతను జనాబ్ రహీమ్ ఒంటిచేత్తో మోశారు. ఆయన తరువాత ఆ బాధ్యతను అదే స్థాయిలో స్వీకరించిన వ్యవస్థ లేకపోవడమే అసలైన లోటు.

ప్రైవేటు పెట్టుబడి సైతం ఆటకు తోడ్పడగలదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ సాధించి అభిమానులను అలరించింది. అయితే 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. పెట్టుబడి తనకు అనువైన చోటికి సాగిపోతుంది. పాఠశాల ఆటస్థలం మాత్రం ఆ వీధి పిల్లలతోనే ఉంటుంది.

ప్రభుత్వం స్థలాన్ని, కొలువును ఇవ్వగలదు. స్వచ్ఛంద సంఘం పోటీలను నిర్వహించగలదు. వ్యాపార సంస్థ నిధులు సమకూర్చగలదు. ఈ మూడింటినీ కలిపి, ప్రతి సాయంత్రం మైదానంలో నిలబడే గురువు ఉన్నప్పుడే అవి ఫలిస్తాయని జనాబ్ రహీమ్ జీవితం చాటుతున్నది. పాఠశాలల ఆటస్థలాలను కాపాడి, వ్యాయామోపాధ్యాయులకు తగిన గౌరవం కల్పించడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.