బొగ్గుగని కుర్రాడు, ఉజ్జీవపు మంట: ఇవాన్ రాబర్ట్స్ జీవితం



ఉజ్జీవ కూడికలు అనగానే మనకు పెద్ద పందిరి, మైకులు, దూరం నుంచి వచ్చే ప్రసంగీకులు గుర్తుకొస్తారు. అవేమీ లేకుండానే తన దేశాన్ని కదిలించిన ఒక కూలి కుటుంబపు యువకుణ్ణి ఈ సంచికలో తలచుకుందాం. ఆయన పేరు ఇవాన్ రాబర్ట్స్.

బ్రిటన్‌కు పడమటి వైపున వేల్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి వారి సొంత భాష వెల్ష్. ఒకప్పుడు అక్కడి కొన్ని బడుల్లో ఆ భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసి అవమానించేవారు. ఆ దేశంలోని లఖర్ అనే ఊళ్లో 1878లో ఇవాన్ పుట్టారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు, ఇల్లంతా పిల్లలు. చిన్నతనంలోనే బడి మాని తండ్రితోపాటు గనిలోకి దిగారు. తర్వాత కొంతకాలం కమ్మరి పని నేర్చుకున్నారు. ఎంత అలసిపోయినా ప్రార్థన కూడిక మాత్రం మానలేదు. తన ప్రజల విశ్వాసం చల్లారిపోతోందని బాధపడుతూ, ఉజ్జీవం కోసం పదేళ్లకు పైగా ప్రార్థించారు.

26 ఏళ్ల వయసులో సేవకుడు కావాలని చదువుకు వెళ్లారు. 1904 సెప్టెంబరులో బ్లేనన్నెర్ఖ్ అనే చోట జరిగిన కూడికలో ప్రభువు ముందు విరిగి నలిగిన హృదయంతో తనను తాను పూర్తిగా అప్పగించుకున్నారు. వెంటనే పెద్ద సభలు పెట్టలేదు. చదువు ఆపి సొంత ఊరికే తిరిగి వచ్చారు. అక్టోబరు 31న మోరియా ప్రార్థనా మందిరంలో కూడిక అయ్యాక ఆయన మాట వినడానికి ఆగింది 17 మందే.

ఆయన చెప్పినవి నాలుగే సంగతులు. దాచిన పాపాన్ని ఒప్పుకుని సరిచేసుకోవాలి. సందేహం కలిగించే అలవాటును వదిలేయాలి. పరిశుద్ధాత్మ ప్రేరేపిస్తే ఆలస్యం చేయకుండా లోబడాలి. క్రీస్తును నలుగురిలో బాహాటంగా ఒప్పుకోవాలి. అంతే. కొన్ని నెలల్లో ఆ మంట వేల్స్ అంతటా పాకింది. పాటలు, ప్రార్థనలు, సాక్ష్యాలు ఎక్కువగా వారి సొంత భాషలోనే సాగాయి. కొన్నిసార్లు ఇవాన్ ప్రసంగించకుండా మౌనంగా కూర్చునేవారు. ఎప్పటివో బాకీలు తీరాయి, పాత పగలు చల్లారాయి, సారాయి దుకాణాలు వెలవెలబోయాయి. సుమారు 1,00,000 మంది విశ్వాసంలోకి వచ్చారని అప్పటివారి అంచనా.

ఈ కథకు మన దేశపు కొండలతో కూడా బంధం ఉంది. ఇవాన్ సంఘానికి చెందిన మిషనరీలు 1841 నుంచే ఖాసీ కొండల్లో పనిచేస్తూ, ఖాసీ భాషను రాతలో పెట్టారు. వేల్స్ వార్త విని అక్కడి విశ్వాసులు ప్రార్థించగా 1905లో ఖాసీ సంఘాల్లో ఉజ్జీవం వచ్చింది. దాన్ని కళ్లారా చూడడానికి వెళ్లిన మిజోలు తిరిగి వచ్చాక, 1906లో మిజో కొండల్లోనూ అది మొదలైంది. ఇవాన్ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. ఆ మంటను మోసింది కొండజాతుల సామాన్య విశ్వాసులే.

తర్వాత ఏమైందో కూడా మనం తెలుసుకోవాలి. విశ్రాంతి లేని కూడికలతో ఇవాన్ శరీరం, మనసు రెండూ కుంగిపోయాయి. 1906లో ఆయన లీసెస్టర్‌లో ఒక కుటుంబం నీడకు చేరి, జనసమూహాలకు దూరమై, ప్రార్థనే తన సేవగా చేసుకున్నారు. చివరి ఏళ్లు కార్డిఫ్‌లో పెద్దగా ఎవరికీ పట్టకుండా గడిపి 1951లో కన్నుమూశారు. ఆయన సమాధి మోరియా మందిరం దగ్గరే ఉంది.

యువతీ యువకులారా, సభల సందడి కొన్నాళ్లే ఉంటుంది. తీర్చిన అప్పు, కలిసిపోయిన అన్నదమ్ములు, మానేసిన సారా, ఇవి నిలిచిపోతాయి. మన గూడెంలో ఉజ్జీవం కావాలంటే పెద్ద ప్రసంగీకుడి కోసం ఎదురు చూడనక్కరలేదు. మనం ఎవరితో మాట్లాడడం మానేశామో ఈ వారమే వాళ్ల గడప తొక్కుదాం. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే భాషలోనే మోకరించి ప్రార్థిద్దాం. మనతో సేవ చేస్తూ అలసిపోయిన వారిని తప్పుపట్టకుండా వారికి విశ్రాంతినిద్దాం. ఆనాడు 17 మంది చాలారు. మన గూడెంలో అంతమంది లేరా?