తోళ్ల వర్తకుడు పేరయ్య

ఈ నెల ధ్యానమునకై పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయములోని మొదటి వచనములను ఇంటిల్లిపాది కూడి చదువుకొనుడి. తన యొద్ద విన్నదానిని, ఇతరులకు నేర్పగలవారి చేతికి అప్పగింపుమని అపొస్తలుడు చెప్పిన భాగమది. మన ప్రాంతములో ఆ పని చేసినవారిలో మొదట తలంచుకొనవలసినవాడు యర్రగుంట్ల పేరయ్య.

ఒంగోలుకు నలువది మైళ్ల దూరమున, కనిగిరి వైపున, తాళ్లకొండపాడు అతని ఊరు. మాదిగ కులమున పుట్టినవాడు. తోళ్ల బేరము మీద ఏలూరు వరకు పోయి వచ్చుచుండెను. అంతకుముందే యోగమార్గము నేర్చి, దేవుని వెదకుచున్నవాడు. ఏలూరులో అలెగ్జాండరు దొరగారి వలన సువార్త విని, ఒంగోలుకు ఒక మిషనెరీ రానున్నాడని తెలిసికొని కనిపెట్టుకొని యుండెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చినప్పుడు, భార్యతో కూడ వచ్చి బాప్తిస్మము పొందెను.

తరువాత ఏమి చేసెను? బంగళా ప్రక్కన కాపురము పెట్టలేదు. బోధకుని పంపుడని అడిగి కూర్చుండలేదు. తన ఊరికి పోయి, చుట్టుపట్ల పల్లెలలోని బంధువులకు, బేరగాండ్రకు తాను విన్నంత మట్టుకు చెప్పెను. కొన్ని నెలలకు తిరిగి వచ్చి, మా యొద్ద నమ్మినవారున్నారు, వచ్చి చూడుడని దొరగారిని పిలిచెను. 1867 జనవరిలో దొరగారు వెళ్లగా, పలు పల్లెల జనులు బట్టల మూటలు, తిండి మూటలు నెత్తిన పెట్టుకొని, కొన్ని దినములు నిలుచుటకే సిద్ధపడి వచ్చిరి. ఐదు దినముల బోధ తరువాత 28 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నెల మొదటి తేదీన కూర్చబడిన ఒంగోలు సంఘములో ఉన్నది ఎనిమిదిమందే!

ఇది చదివినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగును. ఒక ఆదివారము వాగు పొంగి మేము ఒక పల్లెకు పోలేకపోతిమి. అయ్యగారు రాలేదని జనులు గుడి ముందర కాసేపు నిలిచి, ప్రార్థనయైనను లేక మిరప చేలకు పోయిరట. తప్పు వారిది కాదు. ప్రార్థన నడిపించుటకు వారిలో ఒక్కరికైనను మేము నేర్పలేదు.

కొత్తగా నమ్మినవారు ఆదివారము పని మానిరి, విగ్రహములకు మ్రొక్కుట మానిరి, చచ్చిన పశువుల మాంసము మానిరి. జాతరలలో డప్పు కొట్టమనిరి. అందువలన పని పోయెను, కొన్నిచోట్ల నీళ్లకు కూడ అడ్డు వచ్చెను. అట్టివారి నడుమ నిలిచినది పేరయ్యవంటి పల్లె బోధకులే. వారు మూడు నెలలకొకసారి ఒంగోలు చేరి, తిరిగిన ఊళ్ల సంగతులు చెప్పుకొని, పాఠములు నేర్చుకొని, మరల నడిచి పోవుచుండిరి. 1870 తరువాతి యేండ్లలో సముద్రపు ఒడ్డున, వలలు వేయు పల్లెల దాపున, రామాయపట్నములో బోధకులకు సెమినరీ తెరువబడెను.

1876లో మొదలైన గొప్ప కరవులో దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకము మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిరి. బోధకులే మేస్త్రీలై, పని నిలిచిన వేళ వాక్యము చెప్పిరి. కూటి కొరకు క్రైస్తవులైరను మాట రాకూడదని సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కరవు తీరి కాలువ పని లేకపోయినను జనులు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున దొరగారు నీళ్లలో దిగలేదు. అభిషేకము పొందిన మన బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, సాయంకాలము వరకు ఏటిలో నిలిచిరి.