పరిశ్రమల బాటసారి – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఖనిజములు, అరణ్యములు, నదులు సమృద్ధిగా ఉన్నంత మాత్రమున ఏ దేశమును సంపన్నము కాజాలదు. వానిని వినియోగించుకొను విద్యయు, పట్టుదలయు, ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ సహకారమును కావలయును. ఈ సత్యమును మైసూరు సంస్థానమున ఆచరించి చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగువారు. చిక్కబళ్లాపురము సమీపమున ముద్దెనహళ్లి అను గ్రామమున విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్ననాటనే తండ్రి గతించుటచే ఆ కుటుంబమునకు కష్టదశ ప్రాప్తించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకొను కాలమున ఆయన పిల్లలకు పాఠములు చెప్పి జీవనము గడపుకొనిరి. పిదప మైసూరు ప్రభుత్వమిచ్చిన విద్యార్థి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షయందు ప్రథములుగా నిలిచిరి.

1884లో బొంబాయి ప్రభుత్వోద్యోగమున చేరి, పాతికేండ్ల పాటు నీటి పారుదల పనులలో గొప్ప పేరు గడించిరి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివైచినప్పుడు నిజాం ప్రభుత్వము వారిని పిలిపించుకొనెను. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను ఆపవలెనని వారు సూచించిరి. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు ఆ సూచన ఫలములే.

1909లో మైసూరు సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చిన విశ్వేశ్వరయ్యగారికి ఆనకట్టలతో మాత్రము తృప్తి కలుగలేదు. 1898లో జపాను దేశమును దర్శించి, అచ్చటి ప్రభుత్వము చదువును, పరిశ్రమలను జంటగా పెంచుచున్న తీరును వారు కన్నులార చూచియుండిరి. మైసూరులోనో, గనుల నుండియు, అడవుల నుండియు వచ్చిన సరకు అట్లే విదేశములకు పోవుచుండెను. దానినే వస్తువులుగా మార్చి పరులు లాభము గడించుచుండిరి.

వారి ప్రోత్సాహముచే 1911లో మైసూరు ఆర్థిక సమ్మేళనము స్థాపింపబడెను. అధికారులు, వర్తకులు, రైతులు ఒకచోట కూడి, తమ ప్రాంతమున ఏ పంట పండించవలెను, ఏ పరిశ్రమ నెలకొల్పవలెను అను విషయములను చర్చించుటకు అది ఏర్పడినది. 1912లో దివాను పదవి లభించిన పిమ్మట ఆ ఆలోచనలు ఒక్కొక్కటిగా రూపు దాల్చినవి. పెట్టుబడి కొఱకు 1913లో మైసూరు బ్యాంకు, ఉన్నత విద్య కొఱకు 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, నిపుణుల కొఱకు 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల వెలసినవి. ధనము, విద్య, పనితనము అను మూడును కలిసిననే గాని పరిశ్రమ నిలువదని వారి విశ్వాసము.

గంధపుచెక్క కథయే ఇందులకు నిదర్శనము. మైసూరు అడవుల చందనము తైలము తీయుటకై జర్మనీకి పోవుచుండెడిది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము రాగా ఆ వ్యాపారము స్తంభించెను. అప్పుడు బెంగుళూరునందలి భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు తైలము తీయు పద్ధతిని ప్రయోగములచే సాధించిరి. ప్రభుత్వము కర్మాగారమును స్థాపించెను. తైలము వెంట సబ్బుల పరిశ్రమయు వచ్చెను. శాస్త్రజ్ఞుని ప్రయోగశాలయు, ప్రభుత్వపు ధనాగారమును చేయి కలిపిన ఫలమిది.

వారి సాహసములన్నిటిలో కఠినమైనది భద్రావతి ఇనుప కర్మాగారము. సమీపమునందలి కొండల ఇనుప రాయిని, అడవుల బొగ్గును కలిపి ఇనుము తీయవలెనని వారి సంకల్పము. కాని ప్రభుత్వోద్యోగ నియామకముల విషయమున మహారాజుతో అభిప్రాయభేదము కలిగి, 1918 చివర వారు దివాను పదవిని వీడిరి. యుద్ధకాలపు హెచ్చు ధరలకు కొనిన యంత్రములతో 1923లో కర్మాగారము పని ప్రారంభించునప్పటికి ఇనుము ధర పడిపోయెను. నష్టములు పెరిగెను. ప్రజాధనము వ్యర్థమగుచున్నదను విమర్శలు చెలరేగెను.

ఆ సమయమున మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు మరల విశ్వేశ్వరయ్యగారినే కోరిరి. అరువదేండ్లు దాటిన వయసున, పదవి వీడిన మనోవేదనను మరచి, వారు 1923లో కర్మాగారపు బోర్డునకు అధ్యక్షులైరి. వృథా వ్యయమును తగ్గించిరి. స్థానిక యువకులకు శిక్షణ ఇప్పించి బాధ్యతలు అప్పగించిరి. బొగ్గు చేయునప్పుడు కట్టెనుండి వచ్చు ద్రవపదార్థములను సైతము వ్యర్థము కానీయక విక్రయయోగ్యములుగా చేయించిరి. ఆరేండ్ల కృషి పిమ్మట 1929లో వారు సెలవు తీసికొనునప్పటికి కర్మాగారము నిలదొక్కుకొనినది. తరువాతి కాలమున దానికి వారి పేరే పెట్టబడినది.

ఆ పనికై తమకు రావలసిన ప్రతిఫలమును వారు స్వంతమునకు వాడుకొనలేదు. బాలురకు చేతిపనులు నేర్పు విద్యాలయమును స్థాపించుటకు దానిని వినియోగింపుడని కోరిరి. బెంగుళూరున వెలసిన ఆ సంస్థకు తమ పేరు పెట్టుటకు అంగీకరింపక, మహారాజు జయచామరాజేంద్రుల పేరు పెట్టించిరి.

మోటారు కార్ల కర్మాగారము నెలకొల్పవలెనని వారు 1930ల నాట ఎంతయో శ్రమించిరి గాని, ఆనాటి ఆంగ్ల ప్రభుత్వపు సహాయము లభింపలేదు. అయినను వారు వేసిన పునాది వృథా పోలేదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ విమానముల కర్మాగారమునకు చోటు వెదకినప్పుడు మైసూరు ప్రభుత్వము భూమినిచ్చి, పెట్టుబడిలో భాగము వహించెను. విద్యుచ్ఛక్తియు, ఇంజనీరింగు విద్యయు అప్పటికే గల బెంగుళూరు ఆ పరిశ్రమకు అనువైన నెలవయ్యెను. 1941లో విశ్వేశ్వరయ్యగారు దేశమందలి పారిశ్రామికులను ఏకము చేయుటకు అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించిరి.

1955లో భారత ప్రభుత్వము వారిని భారతరత్న బిరుదముతో గౌరవించినది. నూరేండ్ల నిండు జీవితమును గడపి 1962 ఏప్రిలులో వారు పరమపదించిరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 15వ తేది మన దేశమున ఇంజనీర్ల దినోత్సవముగా జరుపబడుచున్నది.

ఒక పేద బాలుని చదువునకు ప్రభుత్వమొసగిన విద్యార్థి వేతనము ఒక సంస్థానమునకే వెలుగునిచ్చెను. పొందిన సహాయమును వేయింతలు చేసి సమాజమునకు తిరిగి ఇచ్చుటయే నిజమైన కృతజ్ఞత అని విశ్వేశ్వరయ్యగారి జీవితము మనకు బోధించుచున్నది.